శాసనమూ శిలాఫలకమూ: రేనాటి నేలపై పర్యావరణ బాధ్యత

కడప జిల్లా జమ్మలమడుగు ప్రాంతంలోని పెద్దముడియం చరిత్ర పాఠకులకు ‘ముడివేము’గా పరిచితం. 11వ శతాబ్దినాటి తూర్పు చాళుక్య శాసనాలు తమ వంశావళిని చెప్పుకొంటూ ఒక కథను ప్రస్తావిస్తాయి. దక్షిణాపథాన్ని జయించడానికి అయోధ్య నుండి వచ్చిన విజయాదిత్యుడు త్రిలోచన పల్లవునితో జరిగిన యుద్ధంలో మరణించాడు. గర్భవతిగా ఉన్న అతని రాణి పురోహితునితోనూ కొద్దిపాటి పరివారంతోనూ ముడివేము అగ్రహారం చేరింది. విష్ణుభట్ట సోమయాజి ఆమెను కన్నకూతురిలా కాపాడాడు. ఆమెకు పుట్టిన బిడ్డే విష్ణువర్ధనుడు. ఈ ముడివేమే నేటి పెద్దముడియమని చరిత్ర పరిశోధకులలో పలువురి అభిప్రాయం. కథను మాత్రం ఐతిహ్యంగానే స్వీకరించాలి.

ఐతిహ్యమైనా అందులోని నైతిక సన్నివేశం తేలికైనది కాదు. సోమయాజికి ఆ రాణితో బంధుత్వం లేదు, ఒప్పందమూ లేదు. గెలిచినవాడు త్రిలోచనుడు, ఓడినవాని భార్యకు ఆశ్రయమివ్వడం ప్రమాదం. పుట్టబోయే బిడ్డ రాజవుతాడో, అసలు బతుకుతాడో లేదో తెలియదు. ప్రతిఫలం ఆశించడానికి వీలులేని చోట, ఇంకా పుట్టని ప్రాణి పట్ల ఒకడు బాధ్యత వహించాడు. జర్మన్ తత్త్వవేత్త హాన్స్ యోనాస్ 1979లో సాంకేతిక యుగపు నీతిపై వెలువరించిన గ్రంథంలో బాధ్యతకు మూలరూపంగా నవజాత శిశువును చూపాడు. హక్కులు, ఒప్పందాలు, పరస్పర ప్రయోజనాలు అనే మాటలేవీ పుట్టకముందే, శిశువు ఉనికి ఎదుటివారిని కర్తవ్యబద్ధులను చేస్తుందని ఆయన వాదం. ముడివేము కథ ఇంకొక అడుగు వెనక్కి వెళ్ళి, పుట్టుకకు ముందే ఆ కర్తవ్యాన్ని మొదలుపెడుతుంది. అయినా సోమయాజికి ఒక సౌలభ్యం ఉంది. గర్భంలోని బిడ్డ కనిపించకపోయినా తల్లి గుమ్మంలో నిలబడి ఉంది. పర్యావరణ విషయంలో అటువంటి తల్లి కూడా కనబడదు. వందల, వేల యేళ్ళ తరువాతి మనిషి తరపున ఎవరి గుమ్మంలోనూ ఎవరూ నిలబడరు. ఆ స్థానం తమదని మతమూ చెప్పుకొంటుంది, రాజకీయమూ చెప్పుకొంటుంది. ఆ మాటలకు ఎంత విలువ ఉందో తేల్చుకోవడానికి దూరం పోనక్కరలేదు.

తుమ్మలపల్లె

పెద్దముడియానికి దక్షిణంగా, పులివెందుల ప్రాంతంలోని వేముల మండలంలో తుమ్మలపల్లె ఉంది. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ యురేనియం కార్పొరేషన్ (యూసిల్) అక్కడ గనినీ శుద్ధి కర్మాగారాన్నీ నెలకొల్పింది. 2006లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. 2007లో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి శంకుస్థాపన చేశారు. 2012లో కర్మాగారం పనిచేయడం మొదలైంది. ఇక్కడి ఖనిజం డోలోస్టోన్ అనే సున్నపురాతి జాతి శిలలో ఉంది. ఆమ్లం పోస్తే ఆ శిలే దానిని తినేస్తుంది కనుక క్షార ద్రావణంతో, అధిక పీడనంలో యురేనియాన్ని వేరుచేస్తారు. ఖనిజంలో యురేనియం పాలు చాలా తక్కువ. టన్ను రాతిని పొడిచేస్తే అర కిలో కూడా దక్కదు. మిగిలినదంతా నీళ్ళతో కలిసి బురదగా గొట్టాల ద్వారా కొట్టాల దగ్గరి వ్యర్థాల చెరువుకు చేరుతుంది. ఊరివాళ్ళు దానిని టెయిలింగ్ పాండ్ అనే పిలుస్తారు. ‘చెరువు’ అనే మాటను దానికి వాడడానికి వారికి మనసొప్పకపోవడం సహజమే. రాయలసీమలో చెరువు అంటే ప్రాణం.

యురేనియాన్ని తీసివేసినంత మాత్రాన రాతిలోని రేడియోధార్మికత పోదు. దానినుండి పుట్టిన థోరియం-230, రేడియం-226 వంటివి వ్యర్థాలలోనే ఉండిపోతాయి. మొత్తం రేడియోధార్మికతలో సుమారు 85 శాతం బురదతోనే పోతుందని సాధారణ అంచనా. రేడియం-226 అర్ధాయువు 1,600 సంవత్సరాలు. థోరియం-230కి సుమారు 75,000 సంవత్సరాలు. గని ఆయుష్షు కొన్ని దశాబ్దాలు, శాసనసభ ఆయుష్షు అయిదేళ్ళు.

2018 నుండి చుట్టుపక్కల గ్రామాల రైతులు బోరు నీళ్ళు పాడయ్యాయని, అరటి తోటలు ఎండిపోతున్నాయని, చర్మవ్యాధులు వస్తున్నాయని ఫిర్యాదు చేస్తూ వచ్చారు. 2019లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సంస్థకు నోటీసు ఇచ్చి, నిపుణులచేత పరిశీలన చేయించింది. వ్యర్థాల చెరువు దీనికి కారణం కాదని, యురేనియం ఉన్న శిలలలో నిలిచే నీటిలో అది సహజంగానే ఉంటుందని సంస్థ వాదన. ఈ వివాదంలో సాంకేతిక నిర్ణయం చేయడం ఇక్కడ ఉద్దేశం కాదు. నైతిక విచారణకు కావలసిన ప్రశ్న వేరు. కారణం నిర్ధారణ కానంతకాలం, ఆ అనిశ్చితి బరువును ఎవరు మోయాలి? బోరు వేసుకొన్న రైతు తన నీటిలో చేరిన విషం ఎక్కడిదో నిరూపించుకోవాలా, లేక బురదను చేర్చినవారు అది తమది కాదని నిరూపించుకోవాలా?

ఈ ప్రశ్నకు సమాధానం హైదరాబాదు మంచినీటి జలాశయాలకు సంబంధించిన వ్యాజ్యంలోనే దొరికింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల సమీపంలో పరిశ్రమ స్థాపనపై వచ్చిన కాలుష్య నియంత్రణ మండలి – ఎం.వి. నాయుడు కేసులో 1999లో సుప్రీంకోర్టు ముందుజాగ్రత్త సూత్రాన్ని విస్తరంగా చర్చించి, హాని లేదని చూపవలసిన భారం కార్యాన్ని తలపెట్టినవారిదేనని చెప్పింది. నగర జలాశయాలకు వర్తించిన తర్కం వేముల మండలపు బోరుబావికి వర్తించకపోవడానికి నైతికంగా కారణమేదీ కనబడదు. శిలలోనే యురేనియం సహజంగా ఉందన్న వాదం నిజమైనా అది బాధ్యతను తగ్గించదు. గని తవ్వకముందు ప్రతి బోరులో ఎంత ఉందో, తరువాత ఎంత ఉందో ఊరివాళ్ళకు తెలిసే భాషలో చెప్పవలసిన అవసరాన్ని ఆ వాదమే పెంచుతుంది.

పవిత్రత చాలునా?

పర్యావరణాన్ని గురించి మతం మాట్లాడేటప్పుడు సాధారణంగా చెప్పే మాట ‘ప్రకృతి పవిత్రం’. నేల తల్లి, నది దేవత, చెట్టులో దేవుడున్నాడు. 1967లో లిన్ వైట్ అనే చరిత్రకారుడు పర్యావరణ సంక్షోభపు మూలాలను పాశ్చాత్య క్రైస్తవం మనిషికి ప్రకృతిపై ఇచ్చిన ఆధిపత్యంలో వెదికిన తరువాత, ప్రాచ్య మతాలకు ఆ దోషం లేదనే వాదం మన దేశంలో బాగా వ్యాపించింది. ఆ వాదం మన ఆత్మాభిమానానికి నచ్చుతుంది. పెన్న ఒడ్డున నిలబడి చూస్తే అంత సులభంగా నమ్మబుద్ధి కాదు. పుష్పగిరి వద్ద పెన్నలో స్నానం పుణ్యమన్న నమ్మకమూ, అదే నది ఇసుకను లారీలకెత్తడమూ ఒకే కాలంలో, ఒకే మనుషులలో సుఖంగా కలిసి ఉంటాయి. నది ఎన్నటికీ మలినం కాదన్న విశ్వాసమే, దానిలో ఏది కలిపినా ఫరవాలేదన్న ధైర్యాన్ని కూడా ఇస్తుంది.

భూమిపూజ దీనికి మంచి ఉదాహరణ. నిద్రలేచి నేలపై పాదం మోపేముందు భూదేవిని క్షమాపణ వేడుకొనే ఆచారం ఉంది. తవ్వకానికి ముందు చేసే పూజలో కూడా ఆ భావమే ఉంది. గాయపరచబోతున్నానన్న ఎరుక అందులో ఉండడం గొప్ప విషయమే. కానీ గాయానికి ముందే పొందిన క్షమ గాయం తరువాతి కర్తవ్యాన్ని గుర్తు చేయదు. పూజ ముగుస్తుంది, కొబ్బరికాయ చెక్కలు పంచుతారు, యంత్రాలు కదులుతాయి. గని మూసేనాడు చేయవలసిన పూజ ఏదీ ఆచారంలో లేదు.

పవిత్రత ఆధారంగా నేల రక్షణ పొందిన సందర్భాలు లేకపోలేదు. ఒడిశాలోని నియమగిరి కొండపై బాక్సైటు తవ్వకం విషయంలో 2013లో సుప్రీంకోర్టు గ్రామసభల నిర్ణయం కోరింది. డోంగ్రియా కోందులు నియమరాజుగా కొలిచే కొండ అది. పన్నెండు గ్రామసభలూ తవ్వకాన్ని తిరస్కరించాయి. 2019లో నల్లమలలో యురేనియం అన్వేషణపై తెలంగాణలో పెద్ద ఎత్తున వ్యతిరేకత వచ్చింది. చెంచుల ఆవాసం, పులుల అభయారణ్యం, ఏటా లింగమయ్య జాతర జరిగే సలేశ్వరం, పక్కనే కృష్ణమ్మ – ఇవన్నీ జనం మనసును కదిలించాయి. ఆ సెప్టెంబరులోనే శాసనసభ తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. అదే ఖనిజం, అదే తెలుగు నేల, దాదాపు అదే కాలం. తుమ్మలపల్లె గ్రామాల గోడుకు ఆ స్పందన రాలేదు. ఒకచోట అన్వేషణ ఇంకా మొదలుకాలేదు, మరొకచోట కర్మాగారం అప్పటికే నడుస్తోంది. ఆ తేడాను మరిచిపోకూడదు. అయినా అది ఒక్కటే కారణం కాదు. వేముల మండలపు మెట్ట భూములకు పులి లేదు, జాతర లేదు, కొండదేవుడు లేడు. ఉన్నది బోరు నీటిపై బతికే అరటి, చీనీ తోటల రైతులు.

దేవుడున్న చోటనే నేలకు రక్షణ అన్నట్లయితే, దేవుడు లేని నేల దిక్కులేనిదవుతుంది. నియమగిరి విజయాన్ని తక్కువ చేయకుండానే ఈ మాట చెప్పాలి. ఆరాధనను రుజువు చేసుకోగలిగిన సమాజానికే హక్కు దక్కే పద్ధతిలో, మామూలు సేద్యగాడు తన నేల మామూలుదేనని ఒప్పుకొన్నందుకు నష్టపోతాడు.

రాజకీయం వైపు చూస్తే పరిస్థితి మరింత చిక్కుగా ఉంటుంది. సీమలో నాయకునిపై నమ్మకం మతవిశ్వాసానికి చాలా దగ్గరి బంధువు. సొంత ప్రాంతపు నాయకుడు తెచ్చిన పరిశ్రమను ప్రశ్నించడం ఆ నమ్మకాన్నే ప్రశ్నించినట్లు అనిపిస్తుంది. ఉద్యోగాల ఆశ, భూమికి వచ్చే పరిహారం, కరవు సీమకు ఏదో ఒకటి వచ్చిందన్న తృప్తి – వీటిని తేలికగా తీసిపారేయడానికి వీలులేదు. వానలు లేని యేళ్ళలో వలసపోయిన కుటుంబాలకు నెలజీతం ఎంత విలువైనదో బయటివారు చెప్పనక్కరలేదు. 2007 తరువాత ప్రభుత్వాలు మారాయి, పార్టీలు మారాయి, రాష్ట్రమే రెండుగా విడిపోయింది. వ్యర్థాల చెరువు అక్కడే ఉంది.

రాతిపై రాసిన మాట

మతం పర్యావరణ నీతికి ఇవ్వగలిగినది పవిత్రతా భావం కన్నా వేరే చోట ఉందని అనిపిస్తుంది. దానిని చూడాలంటే మళ్ళీ రేనాటి శాసనాల దగ్గరికి పోవాలి. ఎర్రగుంట్ల మండలంలోని కలమళ్ళలో చెన్నకేశవాలయ ప్రాంగణంలో దొరికిన రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుని శాసనం సుమారు క్రీ.శ. 575 నాటిది; తెలుగులో లభిస్తున్న తొలి శాసనంగా దానిని గుర్తిస్తారు. అదే వంశానికి చెందిన ఎర్రగుడిపాడు శాసనం రేవశర్మ అనే వ్యక్తికి ఇచ్చిన పన్నస భూమిని గురించి చెబుతుంది. దానం ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, సాక్షులెవరు అన్నది పేర్లతో సహా అందులో ఉంది. రేనాటి దానశాసనాలు చాలావరకు, దానాన్ని చెరిపినవాడు పంచమహాపాతకుడవుతాడన్న శాపంతో ముగుస్తాయి.

తరువాతి కాలపు శాసనాలలో ఈ శాపభాగం విస్తరించింది. దానం తానిచ్చినదైనా ఇతరులిచ్చినదైనా దానిని హరించినవాడు అరవైవేల యేళ్ళు మలంలో పురుగై పుడతాడని ఒక శాపం. ఇవ్వడం, కాపాడడం అనే రెండింటిలో కాపాడడమే గొప్పదని మరొక సూక్తి. శాసన పరిశోధకులు వీటిని సాధారణంగా మామూలు ముగింపు వాక్యాలుగా భావించి దాటిపోతారు. నీతి దృష్టితో చదివితే వాటిలో గట్టి ఆలోచన ఉంది. ‘తానిచ్చినదైనా’ అన్న మాటతో దాత తనను తానే కట్టివేసుకొంటున్నాడు. అధికారం తన చేతిలో ఉన్నప్పుడే, ఆ అధికారం తన తరువాత ఎవరి చేతిలోకి పోతుందో తెలియదని ఒప్పుకొంటున్నాడు. రాబోయే రాజులను పేరు తెలియకపోయినా సంబోధిస్తున్నాడు. ఇస్లామీయ సంప్రదాయంలోని వక్ఫు భావనలోనూ ఇదే ఉంది: ఒకసారి అంకితమైన ఆస్తిని ఇచ్చినవాడు కూడా తిరిగి తీసుకోలేడు; ముతవల్లీ దానికి సంరక్షకుడే కాని యజమాని కాడు. మనిషి సృష్టికి గృహనిర్వాహకుడని క్రైస్తవంలో చెప్పే అర్థమూ దీనికి దూరం కాదు. దేవుని కడప గుడికి ఉగాదినాడు ముస్లిములు తరలివచ్చే జిల్లాలో ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి ఆలోచించడం వింత కాబోదు.

ఇప్పటి రాజకీయానికి శాసనం లేదు, శిలాఫలకం ఉంది. రెండూ రాతి మీది రాతలే. రెండింటిలోనూ పాలకుని పేరు పెద్దదిగానే ఉంటుంది. కానీ శిలాఫలకం ఆరంభాన్ని మాత్రమే నమోదు చేస్తుంది. ఎవరు శంకుస్థాపన చేశారు, ఎవరు అధ్యక్షత వహించారు, ఏ తేదీన – అంతే. తరువాత ఎవరు ఏమి కాపాడాలి, కాపాడకపోతే ఎవరు దోషి అన్న సంగతి దానిపై ఉండదు. కాపాడడమే గొప్పదని శాసనం అంటే, ఫలకం ఇవ్వడం దగ్గరే ఆగిపోతుంది. అరవైవేల యేళ్ళన్న లెక్క ఒకప్పుడు అతిశయోక్తిగా తోచి ఉండవచ్చు. థోరియం అర్ధాయువు పక్కన పెడితే అది చిన్న సంఖ్య.

శాసనాలను ఆదర్శీకరించడం కూడా సరికాదు. అవి అధికారపు పత్రాలు. అగ్రహారం పొందినవారి పేర్లు వాటిలో ఉన్నాయి. ఆ భూమిని దున్నినవారి పేర్లు లేవు. అడవి నరికి సేద్యంలోకి తెచ్చిన భూములూ దానాలలో ఉన్నాయి. శాపానికి భయపడక దానభూములు లాక్కొన్నవారూ, దొంగ తామ్రశాసనాలు పుట్టించినవారూ చరిత్రలో ఉన్నారు. శాపం బలహీనమైన శిక్ష. అయినా ఈనాటి రాజ్యాంగంలో 1976లో చేరిన 48ఎ అధికరణం పర్యావరణాన్ని కాపాడడానికి రాజ్యం ప్రయత్నించాలని మాత్రమే చెబుతుంది. న్యాయస్థానంలో నేరుగా అమలు కోరే వీలు లేని ఆదేశిక సూత్రం అది. ఆ సవరణే 51ఎ ద్వారా పౌరునికి కూడా ఆ కర్తవ్యాన్ని అప్పగించింది. పౌరుడంటే వేముల మండలం రైతు మాత్రమే కాదు. తుమ్మలపల్లెలో తయారైన పదార్థం హైదరాబాదులోని అణు ఇంధన సముదాయానికి చేరుతుంది; దానినుండి వచ్చిన విద్యుత్తు దేశంలో ఎక్కడో వెలుగుతుంది. అణువిద్యుత్తు వద్దంటే బొగ్గు కావాలి. బొగ్గు కథ తెలియాలన్నా దూరం పోనక్కరలేదు: తొలి తెలుగు శాసనం దొరికిన కలమళ్ళ పక్కనే రాయలసీమ తాప విద్యుత్ కేంద్రం ఉంది. పొగగొట్టాల బూడిద ఒకవైపు, కొట్టాల బురద మరొకవైపు. వెలుగు వాడుకొనే ప్రతి ఇంటికీ ఈ రెండింటిలో పాలు ఉంది.

ఇంత దీర్ఘకాలపు ప్రమాదాన్ని తరతరాలకు ఎలా తెలియజేయాలన్న ప్రశ్న అమెరికాలో 1980లలోనే వచ్చింది. అణువ్యర్థాల నిక్షేపాలను గురించి పదివేల యేళ్ళ తరువాతివారిని హెచ్చరించడమెలా అని అడిగితే, సంకేతశాస్త్రవేత్త థామస్ సెబియాక్ 1984లో ఒక విచిత్రమైన సూచన చేశాడు. భాషలు మారిపోతాయి, గుర్తులకు అర్థం పోతుంది. కనుక నిజం తెలిసిన ఒక ‘అణు పురోహిత వర్గం’ ఉండాలి, మిగిలిన ప్రజలకు ఆ చోటుకు పోకూడదన్న భయాన్ని కథలుగా, ఆచారాలుగా అందించాలి. రాజ్యాల కన్నా విశ్వాసాలు ఎక్కువకాలం బతుకుతాయన్న గమనిక ఇందులో ఉంది, అది నిజమే. పోలేరమ్మ జాతర ఎన్ని రాజ్యాలను చూసిందో! కానీ నిజం కొందరి దగ్గర, భయం అందరి దగ్గర అన్న ఏర్పాటు నైతికంగా అంగీకరించదగినది కాదు. ఆ నేలపై బతికేవారిని పసివారిగా చూడడం అది. అణుశక్తి వ్యవహారాలలో రహస్యం పేరిట ఇప్పటికే ఉన్న అలవాటుకు అది పూజారి వేషం వేస్తుంది.

విశ్వాసం నుండి తీసుకోవలసినది భయం కాదు, పునరావృత్తి. జాతర ఏటా వస్తుంది. ఎవరు అధికారంలో ఉన్నా వస్తుంది, చేయవలసినవారి వంతులు ఊరికి తెలుసు. కొట్టాల చుట్టూ ఉన్న బోర్లలో ఈ యేడు యురేనియం ఎంత, గత యేడు ఎంత, కట్ట పరిస్థితి ఏమిటి, బురదపై దుమ్ము లేవకుండా ఏమి చేశారు – ఈ లెక్కను ఏటా ఒక నిర్ణీత దినాన గ్రామసభలో తెలుగులో చదివి వినిపించడం, చదివినవారి పేరూ విన్న సాక్షుల పేర్లూ నమోదు చేయడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. గని మూతపడిన తరువాత కూడా అది సాగాలి; అసలు అవసరం అప్పుడే మొదలవుతుంది. ఎర్రగుడిపాడు శాసనం సాక్షుల పేర్లు రాసుకొన్నది అందుకే.

ఏ భాషలో, ఏ లిపిలో అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ఎరికల్ ముత్తురాజు రాతను ఈనాడు కలమళ్ళ బడిపిల్లవాడు చదవలేడు. శాసన లిపి నేర్చిన ఏ కొద్దిమందో చదువుతారు. ఆ రాత పుట్టి ఇంకా 1,600 యేళ్ళు కాలేదు. కొట్టాల బురదలోని రేడియం సగానికి తగ్గడానికి అంతకన్నా ఎక్కువకాలమే పడుతుంది.